చైనీస్‌లో చామదుంపను అడగడం ఎలా? ‘యూథోవ్’ అనే మాటను పలకడం, గీయడం, మెనూలో గుర్తుపట్టడం

చైనాలో ఏ కూరగాయల మార్కెట్‌కి వెళ్లినా చామదుంపలు కనిపిస్తాయి. వాటి పేరు ‘యూథోవ్’. చిక్కల్లా ఏమిటంటే, ఇదే మాటను కాస్త రాగం మార్చి పలికితే ‘చేప తలకాయ’ అయిపోతుంది. శాకాహారులకు ఇది నవ్వి ఊరుకునే తేడా కాదు. వైద్యం చదవడానికి వెళ్లిన పిల్లలు, ఆఫీసు పని మీద షాంఘైకో షెంజెన్‌కో వెళ్లేవాళ్లు, సింగపూర్‌లో కాపురం ఉంటున్నవాళ్లు, ఇంట్లో కూర్చుని చైనీస్ నేర్చుకుంటున్నవాళ్లు ఈ ఒక్క మాట మీద ఒక గంట పెడితే తర్వాత చాలా టెన్షన్ తప్పుతుంది.

ముందుగా తెలుసుకోవాల్సింది ఒకటుంది. చామదుంపకు (మీ ఊళ్లో చేమదుంప కావచ్చు, చామగడ్డ కావచ్చు) చైనీస్‌లో అసలు పేరు ‘యూ’ అనే ఒక్క అక్షరమే. కానీ రోజువారీ మాటల్లో దాన్ని ఒంటరిగా వాడరు. ముందో వెనకో ఒక తోడు ఉంటుంది. తోడును బట్టి అది చామదుంపో, బంగాళాదుంపో, చిలగడదుంపో, మన కందకు దగ్గరి చుట్టమో తేలుతుంది. కాబట్టి ‘యూ’ వినగానే చామదుంప అనుకోకండి, పక్కనున్న అక్షరాన్ని కూడా చూడండి.

1. ముందు నోరు తిప్పండి

‘యూ’లో ఉన్న అచ్చు తెలుగులో లేదు. తెలుగు లిపిలో రాయడానికి ‘యూ’ అంటున్నాం కానీ అది మన ‘యూరియా’లోని యూ కాదు. ఇలా చేయండి: ‘ఈ’ అని సాగదీయండి. నాలుకను ఎక్కడున్నదక్కడే ఉంచి, పెదాలను మాత్రం ‘ఊ’ అనేటప్పటిలా గుండ్రంగా ముందుకు తెండి. ఇప్పుడు వచ్చే ధ్వనే కావాలి. అద్దం ముందు చేస్తే త్వరగా పట్టుబడుతుంది.

తర్వాత రాగం. చైనీస్‌లో నాలుగు రాగాలు ఉంటాయి, ఈ మాటకు కావాల్సింది నాలుగోది. పై నుంచి కిందికి ఒక్కసారిగా పడిపోవాలి. కుక్కను అదిలించేటప్పుడు ‘పో!’ అంటామే, ఆ విసురుతో ‘యూ!’ అనాలి. ఆ వెంటనే వచ్చే ‘థోవ్’కి సొంత రాగం లేదు. తేలిగ్గా, పొట్టిగా, ‘యూ’ వెనకాల అతికించినట్టు వదిలేయాలి.

‘థ’ ఒత్తు మాత్రం మింగకండి. మనం మాటల్లో ‘కథ’ని ‘కత’ అనేస్తాం, అక్కడ ఆ అలవాటు పనికిరాదు. నోటి ముందు అరచేయి పెట్టుకుని పలకండి, గాలి తగలాలి. ఒత్తు తేలిపోతే వాళ్లకు అది ‘దోవ్’లా వినిపిస్తుంది. ఆ మాటకు చిక్కుడు, సోయా లాంటి గింజలని అర్థం.

ఇక చేప తలకాయ. అదీ ‘యూ థోవ్’. అచ్చులు అవే, హల్లులు అవే. కానీ రెండు అక్షరాలూ రెండో రాగంలో, కింది నుంచి పైకి లేస్తాయి. ఎవరైనా నమ్మలేని మాట చెప్తే ‘ఆఁ?’ అని పైకి లాగుతాం కదా, ఆ రాగం. అంటే విసిరేస్తే చామదుంప, ప్రశ్నలా లాగితే చేప తల. కొత్త భాషలో భయం భయంగా మాట్లాడేవాళ్లు ప్రతి మాటనూ ‘కరెక్టేనా?’ అన్నట్టు పైకి లేపుతారు. సరిగ్గా అక్కడే తేడా కొడుతుంది. తప్పో ఒప్పో, ఈ మాటను ధైర్యంగా కిందికి విసరండి.

ఇది ఊరికే భయపెట్టడానికి చెప్పేది కాదు. హునాన్ ప్రాంతపు హోటళ్లలో ‘ద్వోజ్యావ్ యూథోవ్’ అనే వంటకం చాలా ప్రసిద్ధం. చేప తలను రెండుగా చీల్చి, పైన ఊరబెట్టిన ఎర్ర మిరపకాయ తరుగు ముద్దలు ముద్దలుగా పరిచి ఆవిరి మీద ఉడికిస్తారు. అదే మిరపకాయ తరుగును చామదుంపల మీద వేసి ఉడికించే వంటకం కూడా ఉంది. దాని పేరూ ‘ద్వోజ్యావ్ యూథోవ్’ అనే వినిపిస్తుంది. రెంటికీ మధ్య ఉన్నది ఆ రాగం తేడానే. కారానికి అలవాటుపడ్డ మన నోటికి రెండోది బాగా నచ్చుతుంది, కాబట్టి సాధన చేసినందుకు ఫలితం దక్కుతుంది.

హాంకాంగ్‌లో, గ్వాంగ్‌జౌ చుట్టుపక్కల మాట్లాడే కాంటనీస్‌లో ఈ గొడవ లేదు. అక్కడ చామదుంప ‘వూథౌ’, చేప తల ‘యూథౌ’. కానీ మీరు అక్కడికి వెళ్లి మాండరిన్ (మనం ఇక్కడ నేర్చుకుంటున్న ప్రామాణిక చైనీస్) మాట ‘యూథోవ్’ అంటే వాళ్ల చెవికి ముందు తట్టేది చేప తలే. అక్కడ ‘వూ’ అనే అనండి.

2. గుర్తును ఆరు గీతల్లో గీయండి

నోరు తిరగని రోజున చెయ్యి ఆదుకుంటుంది. కాగితం మీద ‘యూ’ అక్షరం గీసి చూపిస్తే ఏ కొట్టువాడికైనా అర్థమవుతుంది. మొత్తం ఆరు గీతలు.

మొదట పైభాగంలో ఎడమ నుంచి కుడికి ఒక అడ్డగీత. దాన్ని కోస్తూ రెండు చిన్న నిలువు గీతలు, ఎడమది ముందు, కుడిది తర్వాత. ఈ మూడు గీతలూ కలిస్తే ‘గడ్డి’ గుర్తు. పువ్వు, టీ, కూరగాయ ఇలా మొక్కలకు సంబంధించిన వందలాది అక్షరాల నెత్తిన ఇది ఉంటుంది. తర్వాత దాని కింద ఒక పొట్టి అడ్డగీత, ఆ కింద ఇంకాస్త పొడవైన అడ్డగీత. చివరగా, పొట్టి గీత మధ్య నుంచి మొదలుపెట్టి రెండో గీతను కోస్తూ కిందికి ఒక నిలువు గీత దింపి, అడుగున ఎడమవైపుకి చిన్న కొక్కెంలా పైకి తిప్పండి. అంతే.

ఆ కొక్కెం మర్చిపోకండి. కొక్కెం లేకుండా, పొట్టి అడ్డగీతను ఏటవాలుగా గీస్తే అది ‘పచ్చిక దట్టంగా పెరిగింది’ అనే వేరే అక్షరం. గడ్డి బదులు పైన వెదురు గుర్తు పెడితే పాతకాలపు ఊదే వాయిద్యం. ఇంటికప్పు గుర్తు పెడితే ఆకాశం, విశ్వం లాంటి అర్థాలు. ఈ వాయిద్యం, విశ్వం అక్షరాలను కూడా ‘యూ’ అనే చదువుతారు, రాగాలు వేరు. ఎందుకంటే కింది సగం ఉచ్చారణ చెప్తుంది, పై సగం అది ఏ రకం వస్తువో చెప్తుంది. చైనీస్ అక్షరాల్లో ఎక్కువ భాగం ఇలాగే కట్టినవే. ఈ ఒక్కటి బాగా అర్థమైతే మిగతావాటి మీద భయం సగం పోతుంది.

క్రీ.శ. 100 ప్రాంతంలో శూ షెన్ అనే పండితుడు కూర్చిన నిఘంటువు ఈ పేరుకు ఒక కారణం చెప్తుంది. ఇంత పెద్ద ఆకులు, ఇంత పెద్ద దుంప చూసి మనుషులు అదిరిపడతారు, అందుకే దీన్ని ‘యూ’ అన్నారట. కింది సగంలో ఉన్నది ఆశ్చర్యంతో వచ్చే కేక అన్నమాట. ఇది నిజమైన వ్యుత్పత్తి అంటే నాకు పెద్దగా నమ్మకం లేదు కానీ, చామాకు కింద నిలబడి ‘అబ్బో!’ అన్న మనిషిని ఊహించుకుంటే అక్షరం మాత్రం ఇక మర్చిపోరు.

గుర్తును హడావుడిగా చదివితే ఏమవుతుందో చెప్పే పాత కథ ఇంకోటి ఉంది. చరిత్రకారుడు సిమా ఛ్యెన్, సిచువాన్ ప్రాంతపు సారవంతమైన నేల గురించి రాస్తూ, అక్కడ ‘ముడుచుకు కూర్చున్న గుడ్లగూబలు’ ఉంటాయి, చచ్చేదాకా ఆకలి అనేది తెలియదు అనే మాట రాశాడు. ఆ గుడ్లగూబలు పక్షులు కావు, చామదుంపలు. పెద్ద దుంపను నిలబెట్టి చూస్తే ఆ పోలిక సరిగ్గానే ఉంటుంది. తర్వాతి కవులూ ఆ మాట వాడారు, వ్యాఖ్యాతలు ‘అంటే చామదుంప’ అని రాసిపెట్టారు. 6వ శతాబ్దపు పండితుడు యెన్ జ్‌థ్వే తన పిల్లల కోసం రాసిన హితవుల్లో ఒక పెద్దమనిషి సంగతి చెప్తాడు. ఆయన చదివిన ప్రతిలో ‘చామదుంప’ అక్షరం తప్పుపడి ‘గొర్రె’ అక్షరంగా ఉందట. రెండూ దగ్గరదగ్గరగా ఉంటాయి మరి. ఎవరో ఆయనకు గొర్రె మాంసం పంపిస్తే, తన పాండిత్యం చూపించుకుందామని ‘మీరు పంపిన ముడుచుకు కూర్చున్న గుడ్లగూబకు కృతజ్ఞతలు’ అని జవాబు రాశాడు. రాజసభలో ఒక్కరికీ ముక్క అర్థం కాలేదట.

ఫోన్‌లో టైప్ చేయడం దీనికన్నా తేలిక. చైనీస్ కీబోర్డులో ఇంగ్లిష్ అక్షరాలు వై, యు, టి, ఓ, యు కొట్టండి. చామదుంప, చేప తల రెండూ పక్కపక్కనే వస్తాయి, ఎందుకంటే కీబోర్డుకు రాగం తెలియదు. మొదటి అక్షరం నెత్తిన గడ్డి ఉన్నదాన్ని ఎంచుకోండి. చేప అక్షరంలో మధ్యన నాలుగు గళ్ల పెట్టె ఉంటుంది, దాని కింద ఒక అడ్డగీత. తైవాన్, హాంకాంగ్‌లలో వాడే పాత లిపిలో అయితే ఆ అడ్డగీత బదులు నాలుగు చుక్కలు. ‘థోవ్’ అక్షరం కూడా ఆ రెండు చోట్ల ఎక్కువ గీతలతో ఉంటుంది, కంగారుపడకండి. ‘యూ’ మాత్రం రెండు లిపుల్లోనూ ఒకటే.

3. తోడు మాటను బట్టి దుంపను పట్టుకోండి

ఇక్కడ కొంచెం ఓపిక కావాలి.

‘యాంగ్‌యూ’ అంటే బంగాళాదుంప. ‘యాంగ్’ అంటే సముద్రాల అవతలి నుంచి వచ్చినది. మనం సీమచింత, సీమరేగు అంటాం కదా, ఆ ‘సీమ’ ఇదే పని చేస్తుంది. యాంగ్‌యూని ‘సీమచామ’ అనుకుంటే సరిపోతుంది. యున్నాన్, గ్వేజౌ, సిచువాన్, గాన్సు లాంటి నైరుతి, వాయవ్య ప్రాంతాల్లో ఈ మాట బాగా వాడతారు. మిగతాచోట్ల పాఠ్యపుస్తకంలో ఉన్నట్టు ‘థూదోవ్’ అంటారు.

‘షాన్‌యూ’ మాటకు మాట తీస్తే కొండ చామదుంప. కానీ జ్యాంగ్‌సు, ఆన్‌హ్వే వైపు వెళ్లి అడిగితే చేతిలో పెట్టేది చిలగడదుంప. ఎవరూ నెత్తికెత్తుకోవడానికి ఇష్టపడని తలనొప్పి వ్యవహారాన్ని చైనీస్‌లో ‘చేయి కాల్చే షాన్‌యూ’ అంటారు. వార్తల్లో తరచూ వస్తుంది, అక్కడ వంటకం గురించి వెతక్కండి.

‘మోయూ’ అంటే దెయ్యపు చామ. ఇది కొంజాక్ అనే దుంప, మన కంద ఏ ప్రజాతిలోదో ఇదీ అందులోదే. పచ్చిది తింటే నోరంతా మంట, దురద. దాన్ని పొడి చేసి, సున్నం లాంటి క్షారం కలిపి ఉడికిస్తే గట్టి జెల్లీలా తయారవుతుంది. మసాలా, కారం పట్టించిన కొంజాక్ పట్టీలు చిన్న ప్యాకెట్లలో ప్రతి కిరాణా కొట్లోనూ వేలాడుతుంటాయి. తైవాన్‌లో దీని పేరు వేరు.

ఇంత గందరగోళమా అనిపిస్తే మన ఇంటి సంగతి చూసుకోండి. కోస్తాలో కంద వేరు, తెలంగాణలో కందగడ్డ అంటే చిలగడదుంప. రాయలసీమలో దాన్నే గెనుసుగడ్డ అంటారు. బంగాళాదుంప ఒకచోట ఆలుగడ్డ, ఇంకోచోట ఉర్లగడ్డ. హైదరాబాద్‌లో కందబచ్చలి కూర చేద్దామని కందగడ్డ తెమ్మంటే ఏమొస్తుందో మీకు తెలుసు. చైనాలోనూ అంతే, ప్రాంతం మారితే దుంప మారుతుంది.

చామదుంపకే ఊరూరా పేర్లు వేరు. షాంఘై, నింగ్‌బో వైపు ‘యూనై’ అంటారు. ఈ మాట ‘అదృష్టం వస్తుంది’ అనే మాటకు దగ్గరగా వినిపిస్తుందని శరదృతువులో వచ్చే పున్నమి పండుగకు ఉడకబెట్టుకుని తింటారు. చ్యాంగ్ కై షేక్ సొంత ప్రాంతమైన ఫంగ్‌హ్వా చామదుంపలకు పెట్టింది పేరు. ‘మూడు కనుమలు, ఆరు రేవులు దాటినవాడిని, ఫంగ్‌హ్వా చామదుంప తిన్నవాడిని’ అని అక్కడ ఒక సామెత. ‘లోకం చూసిన మనిషినయ్యా, నాకు చెప్పొచ్చావా’ అని దాని భావం. సిచువాన్, చోంగ్‌ఛింగ్‌లలో చిన్న దుంపలను ముద్దుగా ‘యూ-అర్’ అంటారు. ఫుజియాన్, ఛావ్‌జౌ, తైవాన్ స్థానిక భాషల్లో మొత్తం కుదించి ‘ఓ’ అంటే సరి. జపాన్‌లో ఇదే అక్షరాన్ని ‘ఇమో’ అని చదువుతారు, ఏ దుంపకైనా అదే మాట. కాబట్టి జపాన్ ప్యాకెట్ మీద ఈ అక్షరం కనిపిస్తే చామదుంపే అని ఖాయం చేసుకోకండి.

4. మార్కెట్లో అడిగి తెచ్చుకోండి

‘యూథోవ్ ఈ జిన్ ద్వోషావ్ ఛ్యెన్?’ అంటే చామదుంపలు జిన్ ఎంత అని. జిన్ అంటే అరకిలో. ధర చీటీ మీద రాసింది కిలో ధర అనుకుని లెక్క వేసుకుంటే కొట్టు దగ్గర ఆశ్చర్యపోతారు.

అక్కడ మీకు రెండు రకాలు కనిపిస్తాయి. బొచ్చు బొచ్చుగా, కోడిగుడ్డంత ఉండేవి ‘మావ్ యూథోవ్’. మన ఇళ్లలో వండేది ఈ రకమే. పులుసుకు, ఉడకబెట్టి వేపుడుకు ఇవి తీసుకోండి. రెండోది ఒక్కొక్కటి కిలోకి పైగా తూగే పెద్ద దుంప. కోస్తే తెల్లటి గుజ్జులో ఊదారంగు పోగులు పరుచుకుని ఉంటాయి, పోకచెక్కలోని చారల్లా. అందుకే దీన్ని ‘పోకచెక్క చామ’ అనే పేరుతో పిలుస్తారు. గ్వాంగ్‌శీలోని లీపు అనే ఊరి దుంపలు ఈ రకంలో బాగా పేరుమోశాయి. ఒకప్పుడు చక్రవర్తికి కానుకగా వెళ్లేవని చెప్తారు. 1990ల్లో ఒక టీవీ సీరియల్‌లో వీటి ప్రస్తావన వచ్చాక దేశమంతా పాకాయి. పులుసులో వేస్తే ఈ పెద్ద దుంప విడిపోయి చిక్కటి గంజిలా అవుతుంది. సన్నగా కోసి నూనెలో వేయించుకోవడానికి మాత్రం దీన్ని మించింది లేదు.

కొనేటప్పుడు ‘ఫన్ బు ఫన్?’ అని అడగండి. పిండిపిండిగా ఉంటుందా అని అర్థం. చైనావాళ్లు పెద్ద దుంపలో కోరుకునే గుణం అదే. జిగురుగా, మెత్తగా ఉండేదాన్ని ‘న్వో’ అంటారు, అది చిన్న దుంపలకు మెచ్చుకోలు. ఈ రెండు మాటలు వాడితే కొట్టు ఆమె మిమ్మల్ని కొత్తమనిషిలా కాక వండుకునే మనిషిలా చూస్తుంది, మంచి దుంప ఏరి ఇస్తుంది. ఒకే సైజు దుంపలు రెండు చేతుల్లోకి తీసుకుంటే తేలిగ్గా ఉన్నదే పిండిగా ఉంటుందని, ఎందుకంటే నీరు తక్కువని, అక్కడివాళ్ల లెక్క.

దురద సంగతి మీకు చెప్పక్కర్లేదు. కాల్షియం ఆక్సలేట్ సూదుల్లాంటి స్ఫటికాలు చర్మంలో గుచ్చుకోవడం వల్ల వస్తుంది. కడగకముందే, పొడి చేతులతో పొడి దుంపను చెక్కు తీయడం అక్కడి పద్ధతి. మనం నూనె రాసుకుంటాం, వాళ్లు వెనిగర్ రాస్తారు లేదా గ్లౌజులు వేస్తారు. ఈ సందర్భంలో ‘షోవ్ యాంగ్’ అనే మాట వినిపిస్తుంది. చేతులు దురద అని అర్థం. కానీ అక్కడా ఈ మాటకు రెండో అర్థం ఉంది: పేకాట చూసినా, గిటార్ చూసినా ఒక చెయ్యి వేద్దామని ఆరాటపడేవాడిని కూడా అలాగే అంటారు. కందకు లేని దురద కత్తిపీటకెందుకన్న మన సామెతకు అక్కడ సరిసమానమైనది నాకు తగల్లేదు.

పులుసు పెట్టాలంటే చింతపండు కావాలి. యున్నాన్‌లో ఉంటే అదృష్టమే, అక్కడ చింతచెట్లు పెరుగుతాయి. ‘స్వాన్‌జ్యావ్’ అని అడగండి. ‘థ్యెన్‌జ్యావ్’ ఇస్తే వద్దనండి, అది తియ్య చింత, పులుసుకు పనికిరాదు.

5. హోటల్లో పేరు ఒక్కటే చూసి నమ్మకండి

చామదుంప శాకమే కానీ, చైనా వంటింట్లో అది తరచూ మాంసానికి తోడుగా వస్తుంది. శాకాహారులు ఈ భాగం నిదానంగా చదవాలి.

‘యూథోవ్ ఖోవ్‌రోవ్’ అంటే చామదుంప ముక్కల మధ్య పందిమాంసం ముక్కలు పేర్చి ఉడికించి, గిన్నె బోర్లించి వడ్డించేది. లీపు దుంపకు అంత పేరు ఈ వంటకం వల్లే. మెనూలో ‘రోవ్’ (మాంసం) అని ఒంటరిగా కనిపిస్తే అది పంది అనే అర్థం, వేరే జంతువైతే పేరు ముందు చెప్తారు. ‘యూ-అర్ జీ’ సిచువాన్ వంటకం, చిన్న చామదుంపలతో కోడికూర, కారంగా, ఎర్రటి నూనె తేలుతూ ఉంటుంది. మాంసం తినేవాళ్లు మొదట ఇది తినాలి, మన వంటకు అంత దగ్గరగా ఉంటుంది. ‘యూథోవ్ గావ్’ చూడటానికి అమాయకంగా వేయించిన చతురస్రపు ముక్కలా ఉంటుంది. బియ్యపు పిండి, చామదుంప కలిపి చేసిందే అయినా లోపల ఎండురొయ్యలు, పంది సాసేజ్ ముక్కలు వేయడం మామూలు.

అన్నిటికన్నా మోసం చేసేది ‘యూనీ’. ఉడికించి మెత్తగా మెదిపిన తియ్యటి చామదుంప ముద్ద, ఫుజౌ, ఛావ్‌జౌ ప్రాంతాల మిఠాయి. స్వీటే కదా అని తినేస్తారు. సంప్రదాయ పద్ధతిలో దాన్ని కలిపేది పందికొవ్వుతో. ఆ నున్నదనం, ఆ మెరుపు అక్కడి నుంచే వస్తాయి. కాబట్టి ‘యోవ్ జూయోవ్ మా?’ (పందికొవ్వు ఉందా?) అనే వాక్యం కంఠతా పట్టండి. దాంతోపాటు ‘వో ఛ్ సూ’ అంటే నేను శాకాహారిని అని. ఈ ‘సూ’ కూడా నాలుగో రాగమే, విసిరేయాలి.

యూనీ గురించి ఇంకో జాగ్రత్త, ఇది అందరికీ. దాని మీద ఆవిరి కనిపించదు కానీ లోపల నిప్పులా ఉంటుంది, కొవ్వు పొర వేడిని బయటికి రానివ్వదు. నల్లమందు వ్యాపారాన్ని అణిచిన ఫుజౌ అధికారి లిన్ జశూ పేరు మీద ఒక జనశ్రుతి ఉంది. విదేశీయులు విందులో ఐస్‌క్రీమ్ పెడితే, పొగలు వస్తున్నాయి కదా వేడిగా ఉందేమోనని ఆయన ఊదాడట, వాళ్లు నవ్వారట. తిరుగు విందులో ఆయన యూనీ పెట్టాడు. చల్లగా ఉందనుకుని పెద్ద చెంచాడు నోట్లో పెట్టుకున్నవాళ్ల సంగతి వేరే చెప్పాలా? జరిగిందో లేదో కానీ, ఫుజౌలో యూనీ వడ్డించిన ప్రతిసారీ ఎవరో ఒకరు ఈ కథ మొదలుపెడతారు. మీరు అంచు నుంచి కొంచెం కొంచెంగా తినండి.

శాకాహారులకు మంచివి కూడా ఉన్నాయి. ఛావ్‌జౌవాళ్ల ‘ఫాన్‌షా యూథోవ్’లో చామదుంప ముక్కలను నూనెలో వేయించి పంచదార పాకంలో తిప్పుతారు, పాకం తెల్లగా పొడిపొడిగా పట్టుకుంటుంది. మన కాజా తెలిసినవాళ్లకు ఇది వెంటనే నచ్చుతుంది. నాన్‌జింగ్‌లో ‘థాంగ్ యూమ్యావ్’ అని పిల్ల చామదుంపలను పల్చటి జిగురు పాకంలో ఉడికించి, సువాసన వచ్చే చిన్న పసుపు పూలు చల్లి ఇస్తారు. షాంఘైలో ఉల్లికాడల నూనెతో చేసే ‘త్సొంగ్‌యోవ్ యూనై’ అన్నంలోకి బాగుంటుంది. వీటిలోనూ ఏ కొవ్వు వాడారో ఒకసారి అడగడం మంచిదే. బౌద్ధ శాకాహార హోటళ్లు అన్నిటికన్నా భద్రం. అక్కడ బంగాళాదుంప లేదా చామదుంప ముద్దను సోయా పొరలో చుట్టి చేప ఆకారంలో వేయించి తెస్తారు. పేరులో ‘యూ’ ఉంటుంది, చేప అక్షరమే ఉంటుంది, ముందు ‘సూ’ ఉంటుంది. ఇక్కడ మాత్రం చేప అని రాసి ఉన్నా దుంపే.

6. మిల్క్‌టీ కొట్టులో

హైదరాబాద్‌లోనూ ఇప్పుడు బబుల్ టీ కొట్లు వచ్చాయి, ‘టారో’ అంటే ఊదారంగు ద్రవం అనుకునే పిల్లలు ఉన్నారు. నిజం చామదుంప ఉడికాక అంత రంగు ఉండదు. బూడిద కలిసిన లేత ఊదా, అంతే. నిండు ఊదా కనిపిస్తే ఊదా చిలగడదుంప ‘జ్‌షూ’ అయినా కలిపి ఉంటారు, రంగు అయినా కలిపి ఉంటారు. చిలగడదుంప కలిపితే తప్పేం లేదు కానీ, చామదుంప రుచి కోసం వెళ్లినవాళ్లకు ఈ తేడా తెలియాలి.

బోర్డు మీద ‘శ్యాంగ్‌యూ’ (సువాసన చామ) అని ఉంటే అది తరచూ పొడితో చేసిన రుచి. ఆ మాట ఇప్పుడు రంగు పేరు కూడా అయింది, బట్టల నుంచి ఫోన్ల దాకా లేత ఊదారంగును ‘శ్యాంగ్‌యూ జ్’ అంటారు. అదే ‘యూనీ’ అని ఉంటే మెదిపిన దుంప అడుగున వేస్తారన్నమాట. నా ఓటు దానికే. ‘యూనీ నైఛా, బాన్ థాంగ్, ఛ్యూ బింగ్’ అని చెప్పండి: చామదుంప ముద్దతో మిల్క్‌టీ, సగం తీపి, ఐస్ వద్దు. ఐస్ ఎక్కువైతే ముద్ద గడ్డకట్టి గొట్టంలో ఇరుక్కుంటుంది. బబుల్ టీలో వేసే నల్లటి గోళీలు కర్రపెండలం పిండివి, మన సగ్గుబియ్యానికి తోబుట్టువులే. తైవాన్‌లో జ్యోఫన్ అనే కొండ ఊరు ‘యూయ్వెన్’కు ప్రసిద్ధి. అవి చామదుంప, పిండి కలిపి చేసిన ఉండలు. చేత్తో కత్తిరించిన మొరటు ముక్కల్లా ఉంటే మంచివి.

7. మనుషుల మీద ఈ మాట వాడకండి

తైవాన్ వెళ్లేవాళ్లకు ఒక హెచ్చరిక. 1949లో అంతర్యుద్ధంలో ఓడి చ్యాంగ్ కై షేక్‌తోపాటు ద్వీపానికి వచ్చినవాళ్లను స్థానికులు ‘చామదుంపలు’ అన్నారు. అప్పటికే ఉన్నవాళ్లు తమను తాము ‘చిలగడదుంపలు’ అనుకున్నారు, ద్వీపం ఆకారం అలా ఉంటుందని. రెండు వర్గాలకు పుట్టిన పిల్లలు ‘చామదుంప-చిలగడదుంప’. ముసలి సైనికులను ‘ముసలి చామదుంప’ అనేవారు. ఇప్పటికీ వాళ్లలో వాళ్లు సరదాగా అనుకోవచ్చు. బయటినుంచి వచ్చిన మనం నేర్చుకున్న మాట కదా అని అక్కడ ప్రయోగించకూడదు. వింటే అర్థం చేసుకుని ఊరుకోండి.

సింగపూర్, మలేషియాల్లో ఉండేవాళ్లకు చివరగా ఒకటి. అక్కడి ఇంగ్లిష్‌లో చామదుంపను ‘యామ్’ అంటారు. ‘యామ్ కేక్’, ‘యామ్ రింగ్’ అని మెనూలో చూసి పెండలమో కందో అనుకోకండి, రెండూ చామదుంపవే. ఛావ్‌జౌ హోటల్ స్వీట్ల పట్టీలో ‘ఓ నీ’ అని ఉన్నది మనం పైన చెప్పుకున్న యూనీ. ఆర్డర్ చేసే ముందు పందికొవ్వు సంగతి అడగండి. అక్కడ ఇంగ్లిష్‌లో అడిగినా చాలు. కొన్ని చోట్ల కొబ్బరిపాలు, మామూలు నూనెతో చేసినది కూడా దొరుకుతుంది.